ఐసుపెట్టెలో నా రక్తం

"నెల్లూరులో చలేందమ్మా!"

ఈ మాట నాతో అనని వాళ్ళు లేరు. మా ఊరి ఆర్‌ఎంపీ అన్నాడు, మందుల షాపతను అన్నాడు, ఏసీ గదిలో తెల్లకోటు వేసుకుని కూర్చున్న పెద్ద డాక్టరు కూడా నవ్వుతూ అన్నాడు. నవ్విన వాళ్ళలో ఒక్కరైనా నా చేతివేళ్ళు పట్టుకుని చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు గండం గడిచింది, ఒంట్లో కాస్త ఓపిక వచ్చింది, అందుకని కూర్చుని రాస్తున్నాను. ఇలాంటి జబ్బుతో నాలాగే తిరుగుతున్న వాళ్ళకి ధైర్యంగా ఉంటుందని ఒక కారణం. ఒళ్ళు మండి రాస్తున్నానన్నది అసలు కారణం.

నా పేరు కరుణ. తోటపల్లి గూడూరు మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా ఆయన సామ్యేలు రొయ్యల వ్యాపారి. చెరువుల దగ్గర సరుకు కొని, ఐసు వేసి, పెట్టెల్లో సర్ది లారీలకెక్కిస్తాడు. మా మేనత్త కొడుకే కాబట్టి చిన్నప్పుడు అలవాటైన బావా అనే పిలుపే పెళ్ళయ్యాక కూడా మిగిలిపోయింది.

నవంబరులో వానలు పట్టుకున్నప్పుడు మొదలైంది. పొద్దున్నే బండి మీద బావ వెనక కూర్చుని బడికి వెళ్తే, దిగేసరికి నా వేళ్ళు నేరేడుపండు రంగులో ఉండేవి. ముక్కు కొస, చెవి తమ్మెలు కూడా అంతే. వేళ్ళల్లో సూదులు గుచ్చినట్టుండేది. లోపలికెళ్ళి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటే మెల్లగా మామూలు రంగు వచ్చేది. "ఇంకు సీసా పగలగొట్టుకున్నావా మే?" అని మా హెడ్మిస్ట్రెస్ ఆటపట్టించేది. నేనూ నవ్వేదాన్ని. తర్వాత ఆయాసం వచ్చింది. బోర్డు మీద నాలుగు వాక్యాలు రాస్తే గుండె దడదడలాడేది, కుర్చీ వెతుక్కునేదాన్ని.

ఆర్‌ఎంపీ కంటి రెప్ప కిందకి లాగి చూసి బలహీనత అన్నాడు. ఐరన్ మాత్రలిచ్చాడు, బీట్‌రూటు తినమన్నాడు. ఆడదానికి ఏ జబ్బొచ్చినా మా దగ్గర దాని పేరు బలహీనతే! సంచుల కొద్దీ బీట్‌రూటు తిన్నాను, ఆయాసం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.

డిసెంబరులో మా చర్చి సంఘంతో కలిసి క్రిస్మస్ పాటలకి ఇళ్ళ వెంట తిరిగాను. సముద్రం మీంచి తడిగాలి. మర్నాడు పొద్దున మూత్రం చిక్కటి కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. అద్దంలో చూసుకుంటే కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. మా వదిన సలోమీ, అంటే బావ వాళ్ళ అక్క, మా వీధిలోనే ఉంటుంది. పరుగెత్తుకొచ్చి ఒక్క చూపు చూసి తీర్పు చెప్పేసింది.

"కామెర్లే ఇయ్యి. ఇంక మాట్లాడబాక. పసరు తాగాల్సిందే."

"వదినా, డాక్టర్ దగ్గరికి పోదాం."

"డాక్టర్లకేం తెలుసు కామెర్ల సంగతి? మా అత్తకి తగ్గింది పసరుతోనే గదా!"

ఆకుపసరు తాగాను. ఉప్పు లేదు, నూనె లేదు. క్రిస్మస్ రోజు ఇల్లంతా బిర్యానీ వాసన, నా ముందు మాత్రం చప్పిడి మజ్జిగన్నం. వదిన ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ ప్రేమ నా రోజుల్ని మింగేసింది. కొత్త సంవత్సరం ఆరాధనలో పాట కోసం లేచి నిలబడబోయి కూలబడిపోయాను. నలుగురూ పట్టుకుని బెంచీ మీద పడుకోబెట్టారు. అప్పుడుగానీ నన్ను నెల్లూరు తీసుకుపోవాలని ఎవరికీ తోచలేదు.

జనవరి అంతా నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి హాల్లోనే గడిచినట్టు గుర్తు. జబ్బు మనుషులుండే చోట అంత చల్లటి ఏసీ ఎందుకు పెడతారో ఎవరైనా చెప్పండి! టోకెన్ పట్టుకుని గంటలు గంటలు కూర్చునేదాన్ని. కౌంటర్లో అమ్మాయిని ఏసీ తగ్గించమని అడిగితే "సెంట్రల్ ఏసీ మేడమ్, మా చేతుల్లో లేదు" అంది. పక్కన మస్తాన్‌బీ అని ఒక పెద్దావిడ, భర్తకి చూపించడానికి వచ్చింది. నా చేతులు చూసి ఉలిక్కిపడింది.

"అల్లా! ఏందమ్మా ఈ చేతులు, చచ్చిన మనిషి చేతుల్లాగుండాయే!"

అని తన శాలువా తీసి నా ఒళ్ళో వేసి, నా రెండు చేతులూ తన చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. వాళ్ళ టోకెన్ పిలిచేదాకా వదల్లేదు. శాలువా తిరిగి ఇవ్వబోతే "ఉంచుకో, నాకేం చలి లేదులే" అని వెళ్ళిపోయింది. ఆ ఆసుపత్రిలో నా చేతులు ముట్టుకున్న మొదటి మనిషి ఆవిడే. ఎక్కడున్నా చల్లగా ఉండాలి తల్లి.

పెద్ద డాక్టరు పరీక్షలు చేయించి జబ్బు ఏమిటో చెప్పాడు. నా ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన పదార్థాలు, వాటినే యాంటీబాడీలు అంటారట, దారి తప్పి నా సొంత ఎర్రకణాల మీదే పడుతున్నాయట. కణాలు పగిలిపోతున్నాయి కాబట్టి రక్తం తక్కువ, కళ్ళు పచ్చన, మూత్రం నల్లన. ఇందులో రెండు రకాలున్నాయట. ఒకటి ఒంటి వెచ్చదనంలో పనిచేసేది, ఇంకొకటి చల్లబడితే పనిచేసేది. ఏ రకమో తేలితేనే వైద్యం. దానికొక పరీక్ష రాసిచ్చాడు.

"ఇది మా దగ్గర చేయరు. బయట పెద్ద ల్యాబ్‌లో చేయించుకు రండి."

అంతే చెప్పాడు. రక్తం ఎక్కడ తీయాలి, తీశాక ఎలా ఉంచాలి, ఒక్క ముక్క లేదు. చీటీ మీద పరీక్ష పేరు తప్ప మరో అక్షరం లేదు. బడిలో పిల్లలకి పెన్సిల్ చెక్కడం చెప్పాలన్నా నేను నాలుగు మాటలు చెప్తాను. నా ప్రాణం తేల్చే పరీక్షకి ఆయనకి నాలుగు మాటలు బరువైపోయాయి.

నాకు మళ్ళీ నెల్లూరు బస్సెక్కే ఓపిక లేదు. బావ నా మొహం చూసి, "నువ్వు కదలబాక. ఈడ కలెక్షన్ సెంటర్లో తీయించు. నేనే పట్టకపోయి ఇచ్చొస్తా" అన్నాడు. అలాగే తీయించాం. ఆ తర్వాత జరిగింది మా ప్రాంతం వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు.

మా దగ్గర ఏది పాడవకూడదన్నా ఐసే. రొయ్య చెరువులోంచి పైకి రాగానే ఐసులో పడాలి, లేకపోతే తల నల్లబడుతుంది, సరుకు పోతుంది. ఆలస్యం చేసేవాడు చేతకానివాడు, ఐసు తక్కువ వేసేవాడు పిసినారి. పాలు, పూలు, చుట్టాలకి పంపే చేపల పులుసు, అన్నీ ఐసులోనే వెళ్తాయి. బావ తన థర్మాకోల్ పెట్టె శుభ్రంగా కడిగి, అడుగున ఐసు పొడి పరిచి, నా రక్తం ఉన్న చిన్న గొట్టాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి మధ్యలో పడుకోబెట్టి, పైన ఇంకో పొర ఐసు వేసి, మూతకి టేపు అంటించాడు. అంత అపురూపంగా ఏ సరుకూ సర్దింది లేదు.

"రొయ్యల్ని మద్రాసు దాకా చెక్కుచెదరకుండా పంపిస్తా ఉండా. నీ నెత్తుర్ని నెల్లూరు దాకా తీసకపోలేనా?" అన్నాడు.

రక్తం తీసినతను పక్కనే ఉన్నాడు. "మంచి పని చేసినావన్నా, ఫ్రెష్‌గా ఉంటది" అన్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. ఇంత శ్రద్ధగా చూసుకునే మొగుడు ఎంతమందికి ఉంటాడు అనుకున్నాను. నెల్లూరు ల్యాబ్ కౌంటర్లో పెట్టె విప్పితే అక్కడి అమ్మాయి "బాగా చల్లగా తెచ్చినారే" అని మెచ్చుకుని తీసుకుందట. చదువుకుని, జీతం తీసుకుని అక్కడ కూర్చున్న మనిషి!

రిపోర్టు వచ్చింది. చలికి పనిచేసే యాంటీబాడీలు లేనట్టే అని ఉంది.

"చూశారా, చలి రకం కాదు. అయితే వెచ్చటి రకమే" అన్నాడు డాక్టరు.

"సార్, మరి చలికి నా వేళ్ళు నల్లబడతా ఉండాయి గదా..."

"రిపోర్టులో లేదమ్మా. అయినా నెల్లూరులో చలేందమ్మా!" అని నవ్వి బెల్లు కొట్టాడు.

స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. మొహం గుమ్మడికాయలా ఊరింది. నిద్ర పోయింది. షుగర్ పెరిగింది. చీటికీ మాటికీ కోపం. ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందని బావ అంటే కంచం ఎత్తి పెరట్లోకి విసిరాను. వదిన "దీనికి దయ్యం పట్టిందిరా" అని ఏడ్చింది. బావ వెళ్ళి కిందపడిన మెతుకులు ఏరుతూ కూర్చున్నాడు, దాంతో నాకింకా మండింది. ఇంత చేసినా రక్తం పెరగలేదు. ఫిబ్రవరిలో ఇంకా పడిపోయింది.

"మందు పనిచేయలేదు. స్ప్లీన్ తీసేద్దాం" అన్నాడు డాక్టరు.

ఎడమ పక్క డొక్కలో, పక్కటెముకల కింద ఉండే అవయవం అది. దెబ్బతిన్న కణాల్ని పట్టి నాశనం చేసేది అదేనని, అది తీసేస్తే కణాలు నిలుస్తాయని చెప్పాడు. పొట్ట కోసి ఒక అవయవం తీసేస్తానని, సినిమాకి టికెట్ తీస్తానన్నంత తేలిగ్గా చెప్పాడు. నేను ఇంటికొచ్చి బీరువా తాళాలు వదిన చేతికిచ్చాను. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్తూ వాకిట్లో కళ్ళు తుడుచుకోవడం కిటికీలోంచి చూశాను. బతికి బయటపడతానని నాకు నమ్మకం లేదు.

ఆపరేషనుకి రక్తం సిద్ధం చేసుకోమన్నారు. బావ స్నేహితులు, సంఘంలో యువకులు ఒక వ్యాను వేసుకుని, నెల్లూరులోనే వేరేచోట ఉన్న బ్లడ్ బ్యాంకుకి వచ్చారు. అందరూ ఇచ్చారు. కానీ ఎవరి రక్తమూ నాకు కుదరడం లేదని లోపలివాళ్ళు చెప్పారు. మళ్ళీ నా దగ్గర రక్తం తీశారు. మళ్ళీ కుదరలేదు. పొద్దున వచ్చినవాళ్ళం మధ్యాహ్నం దాటినా అక్కడే బెంచీల మీద కూర్చున్నాం. రేపే ఆపరేషను. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు లోపల్నుంచి ఒక డాక్టరమ్మ వచ్చారు, యాభై ఏళ్ళావిడ. "కరుణ ఎవరు?" అని అడిగి, నా పక్కన బెంచీ మీద కూర్చుని, నా చేతులు తీసుకుని గోళ్ళు చూశారు.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"వానలప్పట్నుంచి మేడమ్. ఎంతమందికి చెప్పినా వినలేదు."

ఆవిడ కోటు జేబులోంచి నా రక్తం ఉన్న గొట్టం తీసి వెలుతురుకి పట్టుకున్నారు. గాజు గోడకి ఎర్రటి రవ్వ అంటుకున్నట్టు పలుకులు పలుకులుగా ఉంది. దాన్ని గుప్పిట్లో మూసి కాసేపు అలాగే ఉంచి మళ్ళీ చూపించారు. పలుకులు విడిపోయి నున్నగా ఉంది.

"చల్లబడితే గుత్తులు కడుతోంది, వెచ్చబడితే విడిపోతోంది. అందుకే ఎవరిదీ కుదిరినట్టు కనిపించడం లేదు. ఇది చలి రకమేనమ్మా."

"కాదని రిపోర్టు ఇచ్చినారు గదా మేడమ్!" అన్నాడు బావ.

"ఆ పరీక్షకి రక్తం ఎలా పంపారు?"

బావ ఇంత కష్టంలోనూ కాస్త గర్వంగానే చెప్పాడు, పెట్టె కడిగిన దగ్గర్నుంచి టేపు అంటించిన దాకా. ఆవిడ వింటూ వింటూ కళ్ళు మూసుకున్నారు. తర్వాత కోప్పడకుండా వివరించారు. ఈ యాంటీబాడీలు చల్లబడగానే వెళ్ళి ఎర్రకణాలకి అతుక్కుపోతాయి. ల్యాబ్‌వాళ్ళు కణాల్ని పక్కకి తీసేసి, పైన మిగిలిన పసుపు నీటిలో వాటి కోసం వెతుకుతారు. అవన్నీ కణాలతోపాటు ముందే వెళ్ళిపోయాయి కాబట్టి, లేవని రాసేస్తారు. రక్తాన్ని ఒంటి వెచ్చదనంలోనే ఉంచి, ఆ వెచ్చదనంలోనే వేరు చేస్తేనే ఆ పరీక్షకి అర్థం.

"అంటే వల లాగేసినాక చెరువులో రొయ్యల్లేవని చెప్పినట్టు" అన్నాడు బావ.

"సరిగ్గా అంతే."

"నేనే చేసినానా మేడమ్ ఇదంతా?"

"ఐసు వేయకూడదని మీకెవరైనా చెప్పారా?" అన్నారావిడ. "చెప్పాల్సినవాళ్ళు ముగ్గురున్నారు. రాసినవాడు, తీసినవాడు, తీసుకున్నవాళ్ళు."

నాకు మాత్రం ఆ క్షణంలో ముగ్గురి మీదా, నలుగురి మీదా, అందరి మీదా కోపమే. బావ మీద కూడా. అబద్ధం ఎందుకు చెప్పను? నన్ను అడగకుండా ఆ ఐసు ఎందుకు వేశావని అక్కడే అరిచాను. ఆయన తలొంచుకుని నిలబడ్డాడు. అరిచి అరిచి ఆయాసం వచ్చి ఆగిపోయాను.

డాక్టరమ్మ అక్కడే మళ్ళీ రక్తం తీశారు. సూది, గొట్టం ముందే వెచ్చబెట్టారు. పరీక్ష చేసే గది పై అంతస్తులో ఉంది. "వెంటనే ఇవ్వాలి, చల్లబడకూడదు" అని చుట్టూ చూస్తుంటే బావ చొక్కా గుండీలు విప్పి, గొట్టాన్ని చంకలో పెట్టుకుని చెయ్యి బిగించాడు. రొయ్యల సామ్యేలు, ఐసు లేనిదే ఇల్లు కదలని మనిషి, చంకలో పెళ్ళాం నెత్తురు పెట్టుకుని మెట్లెక్కుతుంటే నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

సాయంత్రానికి ఫలితం చెప్పారు. ఎంత పలచన చేసి చూసినా నా రక్తం ఇంకా గుత్తులు కడుతూనే ఉందట, అంత బలంగా ఉన్నాయట అవి. డాక్టరమ్మ మా ముందే పెద్ద డాక్టరుకి ఫోన్ చేశారు. అవతల ఆయన థియేటర్ బుక్ అయిందని, మొదటి రిపోర్టు ఉందని ఏదో అంటున్నాడు. ఈవిడ గొంతు పెంచారు.

"ఈ రకంలో స్ప్లీన్ తీసి ప్రయోజనం లేదని మీకు తెలియదా? ఆ చల్లటి థియేటర్లో ఆమెని పడుకోబెడితే ఏమవుతుందో ఆలోచించారా?"

ఆపరేషను ఆగింది. నా డొక్కలో నా అవయవం నాకు మిగిలింది.

ఆ తర్వాత వైద్యం వేరే ఊళ్ళో జరిగింది. రక్తాన్ని వెచ్చబెట్టే గొట్టంలోంచి ఎక్కించారు. స్టెరాయిడ్లు మెల్లగా తగ్గించి ఆపేశారు. వారానికొకసారి ఒక మందు డ్రిప్‌లో ఇచ్చారు. ఈస్టరుకి మేజోళ్ళు, చేతికి తొడుగులు వేసుకుని ఆరాధనకి వెళ్తే పిల్లలు కిసుక్కుమన్నారు. నవ్వుకోనీ. పాట పాడినంతసేపూ నిలబడే ఉన్నాను. మే నెల ఎండలకి ఊరంతా దేవుణ్ణి తిట్టుకుంటుంటే, దొడ్లో మంచం వేసుకుని హాయిగా కూర్చున్నది నేనొక్కదాన్నే. ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదన్నారు, అదుపులో ఉంచుకోవాలన్నారు. సరే, ఉంచుకుంటాను.

జూన్‌లో బడి తెరిచే ముందు, మొదట ఆ ల్యాబ్‌కి వెళ్ళాను. మీ రిపోర్టు తప్పు అని రెండు కాయితాలూ బల్ల మీద పెట్టాను. మేనేజరు చూసి ఏమన్నాడో తెలుసా? "మాకు అందిన శాంపిల్‌కి ఆ రిపోర్టు కరెక్టే మేడమ్." ఐసులో వచ్చిన రక్తాన్ని చూసి ఇది పనికిరాదు, మళ్ళీ తీయించుకోండి అని ఒక్క మాట అనడానికి మీ నోరెందుకు రాలేదని అడిగాను. ఇలాంటి పరీక్షకి వచ్చేవాళ్ళకి కనీసం గోడ మీద ఒక బోర్డు పెట్టమన్నాను. హెడ్డాఫీసుకి చెప్తానన్నాడు.

అక్కడ్నుంచి నేరుగా పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. టోకెన్ తీసుకుని, మస్తాన్‌బీ శాలువా కప్పుకుని, ఆ చల్లటి హాల్లో నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను. బావ నా పక్కనే. నేను అడగడానికి వెళ్ళింది ఒక్కటే. ఆ ఆసుపత్రిలో నా పేరు మీద ఉన్న ఫైలులో ఇంకా 'చలి రకం కాదు' అనే ఉంది. రేపు నేను స్పృహ లేకుండా పడిపోతే దగ్గరని అక్కడికే తీసుకెళ్తారు. ఎవరో కొత్త డాక్టరు ఆ ఫైలు తెరుస్తాడు, ఆ ముక్క చదివి చల్లటి సెలైన్ ఎక్కిస్తాడు, చల్లటి గదిలో పడుకోబెడతాడు. ఆ ముక్క తప్పని ఆయనే రాయాలి. అదీ నాకు కావాల్సింది.

ఆయన నన్ను గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది. అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"పాత రిపోర్టులు మేం మార్చమమ్మా. మీ దగ్గర కొత్తది ఉంది కదా."

"మార్చమని అడగలేదు సార్. అది తప్పని దాని కిందే రాయమంటా ఉండా."

"ఇప్పుడు బాగున్నారు. ఆపరేషను కూడా జరగలేదు. బతికి బయటపడ్డారు, దేవుడికి దండం పెట్టుకుని సంతోషంగా ఉండండి."

"బతికినాను కాబట్టే వచ్చి అడగతా ఉండా సార్. చచ్చిపోయుంటే ఎవరొచ్చి అడిగేవాళ్ళు?"

ఆయన బెల్లు కొట్టాడు. తలుపు తెరుచుకుని తర్వాతి టోకెన్ మనిషి ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. "కొంచెం ఆగన్నా, నాది ఇంకా కాలేదు" అని నేనే చెప్పాను. ఎప్పుడూ నా మోచెయ్యి లాగి "పోదాం పా" అనే బావ ఆ రోజు గోడ పక్కనున్న కుర్చీ లాక్కొచ్చి నా పక్కన వేసుకుని కూర్చున్నాడు. డాక్టరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి నా ఫైలు తెప్పించి, పెన్ను తీసి, రెండు వాక్యాలు రాసి సంతకం చేసి నా వైపు తోశాడు.

నేను ముట్టుకోలేదు.

"చదివి వినిపించండి సార్" అన్నాను.

చదివాడు. అప్పుడు లేచాను.